తరవాణి కుండ

నౌపడలో ఓ మామ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండే రోజులవి. కాలేజీలో పోషకాహారం పాఠాలు చెప్పేదాన్ని. ఆ రోజు దేశదేశాల పులియబెట్టిన వంటకాల గురించి చెప్పాను. కొరియా వాళ్ల కిమ్చి పొట్టకు ఎంత మేలో గొప్పగా వివరించి ఇంటికొచ్చాను.

మామ్మ నాకు తాళం ఇచ్చి చుట్టాలింటికి వెళ్లింది. సాయం చేద్దామని ఆమె వంటగది సర్దుతుంటే, మూలనున్న కుండ పుల్లటి వాసన కొట్టింది. గంజి పాడైందనుకుని పారబోసి, సబ్బుతో తోమి, ఎండలో బోర్లించాను.

తిరిగొచ్చిన మామ్మ ఆ కుండను ఒళ్లో పెట్టుకుని కూలబడింది.

"ఎంత పని సేసినావమ్మా! మా అత్త కాడి నుంచీ ఉన్న తరవాణి అది. రోజూ గంజి పోసి కాసుకొస్తన్నాను. ఈ ఇంట్లో నాకింకెవులున్నారు?"

మర్నాడు ఆమె అన్నం వార్చి, ఆ గంజి కుండలో పోసింది. నాలుగో రోజు భయంభయంగా అడిగాను.

"పులిసిందా మామ్మా?"

"పులిసినాది. గానీ అది కాదు కదమ్మా."

ఇప్పుడు కిమ్చి కంటే ముందు తరవాణి గురించే చెబుతాను. రుచి ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. మామ్మ అత్తగారి కాలం నాటి ఆ తరవాణిని నేను ఒక్క గుక్కయినా తాగలేదు.