ఆరుగురు పెద్దింట్లమ్మలు

ప్రసన్నకుమార్ చెడ్డవాడై ఉంటే నాకు సగం బరువు తగ్గేది. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. కానీ మా ఆసుపత్రిలో అతన్ని పల్లెత్తు మాటన్నవాళ్ళు లేరు. ఇంత జరిగాక కూడా అనబోతే నాకు నోరు రావడం లేదు.

మాది నరసాపురానికి కాస్త అవతల, చంద్రరావు డాక్టరుగారు పెట్టిన చిన్న ధర్మాసుపత్రి. నేను నర్సుని, పేరు సత్యవాణి. ప్రసన్నకుమార్ కంప్యూటరు ఆపరేటరు. వాళ్ళ నాన్న లూథరన్ చర్చిలో ఉపదేశిగా చేసి పోయాడు. తల్లి లేసు అల్లుతుంది. ఇతను బి.కాం. చదివి, మండపేటలో ఒక రైస్‌మిల్లులో లారీల లోడ్లు రాస్తూ ఏడేళ్ళు గడిపి, దుమ్ము పడక దగ్గు పట్టుకుంటే ఇటు వచ్చేశాడు. పొద్దున్నే కీబోర్డు గుడ్డతో తుడుచుకుని, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటేగానీ పని ముట్టుకునేవాడు కాదు.

"ప్రసన్నా, మీ దేవుడికి ఎక్సెల్ వచ్చా?" అని ఆటపట్టించేదాన్ని.

"ఆయనకెందుకండి సిస్టర్. అందరి పేర్లూ ఆయనకి తెలుసు కదండి" అని నవ్వేవాడు.

ఏటా మేం సముద్రం వైపు పల్లెల్లో ఆడవాళ్ళకి క్యాంపు పెడతాం. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ మొదలవుతుందేమో చూసే పరీక్ష అది. నేను నమూనా తీసి గాజుపలక మీద పేరు రాస్తాను. ఆ పలకలు రాజమండ్రిలో ల్యాబుకి వెళ్తాయి. పక్షం రోజులకి పేర్లు, ఎదురుగా ఫలితాలు ఉన్న షీటు వస్తుంది. నార్మల్ అయితే ఆ మాట రాసిన కాగితం ఇంటికి పంపుతాం. కాకపోతే వెంటనే రమ్మని ఫోను చేస్తాం. అప్పుడే వస్తే చిన్న ఆపరేషన్‌తో పోతుంది. ఏడాది ఆలస్యమైతే మనిషే పోతుంది. అందుకని మా క్యాంపు అంతా కలిపితే ఒక్కో ఆడమనిషి పేరు పక్కన ఆ ఒక్క గడిలో ఏం పడిందన్నదే.

రెండేళ్ళ కిందట పాతమెరకలో క్యాంపు పెట్టాం. అంతా చేపల వేట మీద బతికే కుటుంబాలు. వాళ్ళ అమ్మవారు పెద్దింట్లమ్మ. ఇంట్లో ఒక్క ఆడపిల్లకైనా ఆ పేరు పెట్టకపోతే, వేటకెళ్ళిన పడవని అమ్మ చూసుకోదని వాళ్ళ నమ్మకం. పైగా సగం ఊరి ఇంటిపేరు కొల్లాటి. ఆ ఏడు క్యాంపుకి వచ్చిన కొల్లాటి పెద్దింట్లమ్మలే ఆరుగురు. వయసు అడిగితే ఆరుగురూ "నలభై అయిదు రాయండమ్మా" అన్నారు. ఊళ్ళో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. రేవు పెద్దింట్లమ్మ, ఐసుపెట్టె పెద్దింట్లమ్మ, పొట్టి పెద్దింట్లమ్మ, రాముడి పెళ్ళాం పెద్దింట్లమ్మ... పిలిస్తే పిలిచిన మనిషే పలుకుతుంది. నేనూ అలాగే రాశాను. మా రిజిస్టరులో తీరిగ్గా 'రేవు దగ్గర కొల్లాటి పెద్దింట్లమ్మ' అనీ, పలక మీద చోటు చాలక 'కొల్లాటి పెద్దింట్లమ్మ రేవు' అనీ.

అంతకుముందు ఏడాది వరకూ ప్రసన్నకుమార్ ఒక్కో పేరూ ల్యాబు షీటులో వెతికి, ఫలితం చూసి, మా షీటులో కొట్టేవాడు. నాలుగు వందల పన్నెండు పేర్లు, వారం పని. ఆ ఏడు ఫోనులో వీడియోలు చూసి వీలుకప్ అనే ఫార్ములా నేర్చుకున్నాడు. ఇక్కడి పేరు తీసుకుని, అది అక్కడి షీటులో పైనుంచి వెతుకుతూ వెళ్తుంది. ఆ పేరు దొరికిన మొదటి చోట ఆగి, పక్కనున్న ఫలితాన్ని తెచ్చి ఇక్కడ నింపేస్తుంది. ఇక కిందికి చూడదు. పేరు అసలే దొరకకపోతే, దొరకలేదని ఆ గడిలో 'ఎన్.ఏ.' అని చూపిస్తుంది.

మొదటిసారి ఆ ఫార్ములాని షీటు చివరిదాకా లాగితే అరవై మూడు ఎన్.ఏ.లు వచ్చాయి. అన్నీ నేను రిజిస్టరులో ఒకలా, పలక మీద ఒకలా తోకలు తగిలించిన పేర్లే.

"సిస్టర్, ఈ రేవులూ ఐసుపెట్టెలూ తీసేసి, రెండు చోట్లా ఆధార్‌లో ఉన్న పేరే ఉంచితే అన్నీ కలుస్తాయండి" అన్నాడు.

"తీసెయ్ నాయనా, పీడా పోతుంది" అన్నాను. ఈ మాట అన్నది నేనే. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

తీసేశాడు. ఒక్క ఎన్.ఏ. కూడా మిగల్లేదు. వారం పని గంటలో అయిపోయిందని మైసూరుపాకు తెచ్చి అందరికీ పంచాడు. నేను రెండు ముక్కలు తిన్నాను. ఆరుగురు పెద్దింట్లమ్మలకీ నార్మల్ అని పడింది. దాదాపు అందరికీ పడేది అదే కాబట్టి ఎవరి కళ్ళకీ ఆనలేదు. కాగితాలు మా ఆయా బేబి చేత పంపాను.

పద్నాలుగు నెలల తర్వాత రేవు పెద్దింట్లమ్మని ఆమె కూతురు వీరదుర్గ ఆటోలో తీసుకొచ్చింది. ఈ పెద్దింట్లమ్మ నాకు బాగా తెలుసు, మా వీధికి చేపలు తెచ్చేది. గట్టి మనిషి. ఆ రోజు చీరంతా రక్తం, నడవలేకపోయింది. డాక్టరుగారు చూసి బయటికొచ్చి, మూడో స్టేజి దాటిందన్నారు.

"పోయినేడాది నార్మలే కదండి" అన్నాను.

"ల్యాబు పంపిన అసలు షీటు చూడండి" అన్నారాయన.

ప్రసన్నకుమార్ పాత మెయిల్ తెరిచాడు. ఆరుగురిలో మొదట ఐసుపెట్టె పెద్దింట్లమ్మ ఉంది, నార్మల్. ఇంకో డెబ్భై వరసలు కిందికి వెళ్తే 'కొల్లాటి పెద్దింట్లమ్మ రేవు'. ఎదురుగా 'వెంటనే పిలవాలి' అని ఉంది. అతను వేలు తెర మీద పెట్టి, తీయడం మరిచిపోయాడు.

తర్వాత రెండు రోజులు తిండి సరిగా తినకుండా నాలుగు వందల పన్నెండు పేర్లూ చేత్తో సరిచూశాడు. తప్పు ఒక్కటే. ఆ ఒక్కటీ ఈమెదే. డాక్టరుగారు తల పట్టుకుని, ఇక నుంచి మనిషికొక నంబరు ఇద్దామన్నారు. ఒక్క నంబరు! పప్పు డబ్బాల మీద కూడా ఉంటుంది. ఆ మాట మాకెవరికీ ముందు తట్టలేదంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీదో తెలియదు.

"వెళ్ళి నిజం చెప్పండి. దాచొద్దు" అన్నారు డాక్టరుగారు. ఇద్దరం పాతమెరక వెళ్ళాం. వీరదుర్గ చేపలమ్మడానికి వెళ్ళింది. పెద్దింట్లమ్మ నులకమంచం మీద ఒక్కతే ఉంది.

"అమ్మా, తప్పు నాదండి. ఐసుపెట్టె పెద్దింట్లమ్మగారి రిపోర్టు మీ పేరు మీద పడిందండి. మీకు అప్పుడే ఉందండి. నేను చూసుకోలేదు" అన్నాడు ప్రసన్నకుమార్, మంచం పక్కన నేల మీద కూర్చుని.

ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఉన్న ఓపికంతా కూడదీసుకుని తిట్టింది. "నీ చేతులు పడిపోను! నీకేం అన్యాయం చేశానయ్యా నేను!" అంది. అతను తల వంచుకుని అన్నీ పడ్డాడు. తిట్లు అయిపోయాయి. ఆయాసం తగ్గాక ఆమె నా వైపు తిరిగింది.

"నర్సమ్మగారండి, మొదటిసారి రక్తం కనపడినప్పుడు ఆసుపత్రికి పోదాం రమ్మని మా వీరదుర్గ చెయ్యి పట్టుకు లాగిందండి. నేనే మీ కాగితం మొహాన పెట్టి, బాగుందని డాక్టర్లే రాసిచ్చారు, నువ్వేంటే చెప్పొచ్చేది అని కేకలేశాను. పోనీలే అని అదీ ఊరుకుంది. ఇప్పుడు ఈ సంగతి దానికి తెలిస్తే, ఆ రోజే లాక్కుపోతే అమ్మ బతికేదని చచ్చేదాకా ఏడుస్తుందండి. దానికి మాత్రం చెప్పకండి. ఒట్టెయ్యండి ఇద్దరూ" అంది.

ఇద్దరం ఆమె చేతిలో చెయ్యి వేశాం. వేయకుండా రావాల్సింది. కానీ ఆ మొహం చూస్తూ కాదని ఎలా అంటాం?

నాలుగు నెలలకి పోయింది. డెత్ సర్టిఫికెట్‌కి ఆసుపత్రి కాగితం కావాలని వీరదుర్గ వచ్చింది. ప్రసన్నకుమార్ ప్రింటు తీసి, పేరూ, నంబరూ, వయసూ రెండుసార్లు బిగ్గరగా చదివి ఆమె చేతికిచ్చాడు. ఆమె వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"బాబుగారండి, ఒక మాట అడుగుతాను. ముందు పరీక్ష చేసినప్పుడు అమ్మకి ఏం లేదు కదండి? ఆ తర్వాతే వచ్చింది కదండి? ఆ రోజు నేను గట్టిగా లాక్కొచ్చినా లాభం లేకపోయేది కదండి?"

అతను నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మొదటిసారి రక్తం కనపడిన ఆ రోజు వచ్చి ఉన్నా లాభం ఉండేదని మా ఇద్దరికీ తెలుసు.

"ఉండేది కాదమ్మా. నువ్వు చేయగలిగింది ఏమీ లేదు" అన్నాడు.

వీరదుర్గ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ నోట ఆ మాట వింటే చాలనుకున్నానండి. ఇన్నాళ్ళూ నిద్ర లేదు" అంది. కాగితం చంకలో పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి అతనికి దణ్ణం పెట్టింది.

ప్రసన్నకుమార్ కుర్చీలోంచి లేచి నిలబడి తనూ దణ్ణం పెట్టాడు.