పురుషోత్తమ్ నమ్మిన మిషను

చింతామణిలో టాకీసు మూతపడేదాకా పురుషోత్తమ్ అందులో ఆపరేటరు. తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చే గ్రహాంతర యుద్ధాల సినిమాలంటే అతనికి ప్రాణం. వాటిలో అనుమానితుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తలకు తీగలు తగిలిస్తారు. అబద్ధమాడితే ఎర్ర దీపం, నిజమైతే పచ్చ దీపం. ఆ రీళ్లు ఎన్నోసార్లు తిప్పిన పురుషోత్తమ్, అలాంటి మిషను ఎక్కడో ఉండే ఉంటుందని గట్టిగా నమ్మాడు.

టాకీసు పోయాక ఇల్లు భార్య హేమావతి గార్మెంట్స్ పనిమీదే నడిచింది. "దేవరాజ్ సూపర్‌వైజరు నాకు కిటికీ పక్క కుట్టు మిషనిచ్చినాడు" అని ఆమె నవ్వుతూ చెబితే అతను అనుమానంతో కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. దేవరాజ్ మీద మనసుందా అని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఒకసారి ఫ్యాక్టరీలో రెండు కుట్టు మిషన్ల మోటార్లు కనబడలేదు. యాజమాన్యం అబద్ధాలు పట్టే మిషను తెప్పించింది. ఒప్పుకున్నవాళ్లనే కూర్చోబెడతామన్నారు. అందరూ సంతకం చేశారు. హేమావతి చేయలేదు.

"నేను దొంగనా? నా గుండెకాయకు తీగెలు కట్టి సూసేదానికి వాళ్లెవరు?" అంది.

పురుషోత్తమ్‌కు అనుమానం ముదరడానికి అంతే చాలింది. మరునాడే ఫ్యాక్టరీకి వెళ్లి, మిషను నడిపే ఆశాను పక్కకు పిలిచాడు. ఆమెది నంది ఊరు.

"అమ్మా, నా పెండ్లాన్ని ఎట్లన్నా ఒప్పిస్తా. దేవరాజ్ మీద మనసుండాదా అని ఒక్క మాట అడుగు. ఎర్ర దీపం ఎలిగిందో లేదో చెప్తే చాలు."

"దీనికి దీపాల్లేవప్పా. గుండె, ఊపిరి, చెమట, ఇంతే చూపిస్తాది. భయమైనా, కోపమైనా గీత ఎగురుతాది."

"నాకు తెలీదా? ఎన్ని సినిమాల్లో సూసినా!"

ఆశా విసుక్కోకుండా అతన్నే కుర్చీలో కూర్చోబెట్టి వేళ్లకు తీగలు తగిలించింది. పేరడిగింది, ఊరడిగింది. గీత నెమ్మదిగా సాగింది. తర్వాత "దేవరాజ్" అంది. గీత ఒక్కసారిగా పైకి లేచింది.

"ఇప్పుడు నువ్వు నోరే తెరవలేదు గదప్పా, ఏం అబద్ధం చెప్పినావు?"

అతను తీగలు ఊడదీసుకుని లేచాడు. ముఖం కందిపోయింది.

మోటార్లు రిపేరుకు పోయాయని తర్వాత తేలింది. ఈలోగా పురుషోత్తమ్ చేసిన పని హేమావతి చెవిన పడింది. "మిషన్ని అడిగేదానికి పోతివే, నన్నడిగేకి ఏమాయె?" అని, చాకవేలులోని అన్న ఇంటికి వెళ్లిపోయింది.

పదిరోజులు ఓర్చుకుని అతను బాగేపల్లి మీదుగా వెళ్లాడు. వాకిట్లోనే నిలబడి, మొదటిసారి నోరు విప్పి ఆ మాట ఆమెనే అడిగాడు.

"లేదు," అంది ఆమె, అతని కళ్లలోకి చూస్తూ.

ఆ ఒక్క మాట తప్ప అతని చేతిలో ఏ ఆధారమూ లేదు. అయినా ఆమె సంచి అందుకుని ఆమెతో కలిసి బస్సుకు నడిచాడు. దేవరాజ్ పేరు వింటే అతనికి ఇప్పటికీ మండుతుంది. మండుతోందని ఇప్పుడు ఆమెతోనే చెబుతాడు.