నీలం కప్పు పళ్ళెం

ఆ రోజుల్లో అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో ఉండే పెళ్ళికాని తెలుగు కుర్రాళ్ళంతా వీసా గురించి బెంగపెట్టుకుంటే, నేను మాత్రం అరచేతిలో పట్టే గాజు పళ్ళేల కోసం తపించిపోయేవాణ్ణి. పూర్వం అమెరికావాళ్ళు కూడా వేడి టీని సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారట. సాసర్ చేతిలో ఉంటుంది కనుక తడి కప్పు పెట్టుకోవడానికి, అచ్చులో నొక్కి చేసిన ఈ బుల్లి పళ్ళేలు వాడేవారట. (మొదటిది పాత సామాన్ల సంతలో ఆవకాయకి పనికొస్తుందని కొన్నాను. ఈ సంగతి మీలోనే ఉంచుకోండి.) ఓడ బొమ్మది, గద్ద బొమ్మది, అంచంతా గుండె బొమ్మలున్నది కిటికీలో పేర్చుకుని మురిసిపోయేవాణ్ణి. అన్నీ రంగులేనివే.

ఆ మురిపెం నా రూమ్మేట్ కన్ను వాటిమీద పడేదాకే. వాడిది భీమవరం, మేం పిలిచే పేరూ అదే. "ఇదేదో బాగుందిరా" అని వాడూ మొదలెట్టాడు. నేను వారాల తరబడి తిరిగినా దొరకనివి వాడికి పాలు కొనడానికి వెళ్తే దొరికేవి. పైగా వాటిని డిష్‌వాషర్‌లో పడేసేవాడు! ఆదివారం మా తెలుగు చర్చిలో మోకాళ్ళ మీదుండి, ఒక్కటైనా పగలాలని ప్రార్థించాను కూడా. గట్టిగా ఆమెన్ అనే ధైర్యం మాత్రం చాల్లేదు. ఒక్కటీ పగల్లేదు.

ఇంతలో ఊరి చివర ఒక ముసలావిడ సామాన్లు అమ్మేసి ఇల్లు ఖాళీ చేస్తోందనీ, ఆవిడ దగ్గర ఎక్కడా దొరకని నీలం కప్పు పళ్ళెం ఉందనీ తెలిసింది. నాకు ఆ వారమంతా నిద్రలేదు. కానీ కారు భీమవరానిది, వెంట తీసుకెళ్ళక తప్పలేదు.

"ఒరే, అక్కడ టీ ఇస్తే సాసర్‌లో పోసుకుని జుర్రకు. పరువు పోద్ది."

"నువ్వు తాగవేంటి?"

"ఇంట్లో వేరురా బాబూ!"

ఆవిడ పొగలు కక్కే టీ ఇచ్చింది. నేను కళ్ళనీళ్ళు దిగమింగుకుని నాజూగ్గా చప్పరిస్తూ, కప్పు పళ్ళేల చరిత్రంతా ఏకరువు పెట్టాను. భీమవరం ఒక్క గుక్కకే "అమ్మబాబోయ్" అని, నా మాట గాలికొదిలేసి సాసర్‌లో వొంపేసుకున్నాడు. కింద చూస్తే తెల్లటి లేసు బల్లగుడ్డ. కప్పు ఎక్కడ పెట్టాలో తెలీక దిక్కులు చూస్తుంటే, ఆవిడ నవ్వుతూ లేచి అలమరలోంచి నీలం పళ్ళెం తీసి వాడి ముందు పెట్టింది.

"మా అమ్మమ్మ ఇలాగే తాగేది. ఆవిడ పోయాక దీనిమీద ఎవరూ కప్పు పెట్టలేదు. ఇక నువ్వే ఉంచుకో నాయనా" అంది ఆవిడ ఇంగ్లీషులో.

దారంతా నేను నోరు విప్పలేదు. "నాలుక కాలిందేంట్రా?" అన్నాడు వాడు, జాలిగా.

ఇప్పటికీ భీమవరం వాళ్ళింటికెళ్తే వాళ్ళావిడ నాకు ఆ పళ్ళెంతోనే టీ ఇస్తుంది. "చల్లార్చుకుని తాగండి అన్నయ్యగారూ" అంటుంది. పక్కన ఎవరున్నా సరే, దర్జాగా సాసర్‌లో పోసుకుని జుర్రుతాను. పరువు కోసం నాలుక కాల్చుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. "కావాలంటే పట్టుకుపోరా" అంటాడు భీమవరం ప్రతిసారీ. "ఛ, నాకెందుకురా!" అంటాను. అంటూనే కప్పు పైకెత్తి, పళ్ళెం నా చొక్కా జేబులో పడుతుందో లేదో ఒకసారి చూసుకుంటాను.