నందిగామ హాల్లో నా ఎక్కిళ్ళు

మొన్న ఆదివారం నందిగామ సినిమా హాల్లో టార్చిలైటు తెచ్చి నా మొహాన కొట్టారండీ, దొంగ దొరికిందన్నట్టు! దానికి కారణం ఎవరనుకుంటున్నారు? సాక్షాత్తూ మా అమ్మ. ఉండండి, టీ పోసుకోండి, మొదట్నుంచీ చెప్తా.

మాది జగ్గయ్యపేట. అమ్మ ఉండేది మా వెనక వీధిలోనే. అయినా అప్పటికి నెల కావస్తోంది, ఇద్దరికీ మాటల్లేవు. కారణం వింటే నవ్వుతారు. వాట్సాప్‌లో మా ఫ్యామిలీ గ్రూపు బాబాయి పెట్టి, నన్ను అడ్మిన్ చేశాడు. ఓ మధ్యాహ్నం నేను సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే అమ్మ ఫొటో తీసి, ‘మా అమ్మాయి బాగా అలిసిపోయింది’ అని అందులో పెట్టింది. వదినలు ఒకటే నవ్వు! నాకు ఒళ్ళు మండి అమ్మని గ్రూపులోంచి తీసేసా. సాయంత్రం మళ్ళీ కలుపుదాంలే అనుకున్నా. మర్చిపోయా!

"కన్నతల్లిని గెంటేసింది" అని అమ్మ మాట మానేసింది. కూర గిన్నె మాత్రం రోజూ వస్తోంది. మాట రావట్లా. నాకేమో ముద్ద లోపలికి దిగట్లా.

అమ్మకి ఖైరూన్ పిన్ని అని ఫ్రెండుంది, నందిగామలోనే ఉంటుంది. ఆరో క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్నారంట, ఆ బెంచీ మీంచి ఇప్పటికీ లేవలేదు. పిన్నికి ఫోన్ చేసా.

"పిన్నీ, తల్లీకూతుళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోని సినిమా ఒకటి మీ ఊళ్ళో ఆడుతోంది. అమ్మని పిలువు. కరుగుద్దేమో చూద్దాం."

"అట్టాగేనమ్మా. మరి నువ్వు?"

"టిక్కెట్లన్నీ నేనే కొంటా. మాస్కు పెట్టుకుని మీ వెనక సీట్లో కూర్చుంటా."

నా కుతూహలమంతా అదేనండీ. మా అమ్మ ఏ సీనులో ఏడుస్తుంది? ఏడిస్తే అది నాకోసమేనా?

అమ్మ వెళ్ళాక తర్వాతి బస్సెక్కా. సిమెంటు లారీ వెనక నత్తలా నడిచింది బస్సు. నేను వెళ్ళేసరికి లైట్లార్పేశారు, అదీ మంచిదే అయింది. తెర మీద తల్లి తలుపేసేసింది. కూతురు వానలో నిలబడింది. నేను ముందుకి వంగి అమ్మ చెంపలే చూస్తున్నా. ఏడవదే! అసలు అమ్మ తల్లీకూతుళ్ళని పట్టించుకుంటేగా! సినిమాలో ఆ తల్లికి చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడుంది. ఆవిడ కనపడితే చాలు, అమ్మ మొదలెట్టేది,

"ఒసే ఖైరూ, అది అచ్చం నువ్వే! ఆ వాగుడూ అదీ."

"నోర్ముయ్ రాజ్యం. ఆ మొండిది నువ్వే."

ఇద్దరూ ఒకటే కిచకిచలు. నా ప్లాను మొత్తం గంగలో కలిసింది.

ఇంటర్వెల్ తర్వాత కూతురు ఒక్కతే రూములో కూర్చుని ఉంది. అప్పుడు అమ్మ పైకే అంది. "ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏం తినలేదే. ఒక్కళ్ళూ అడగరేంటే?"

అంతే! నాకు ఏడుపు ఆగలా. అమ్మని ఏడిపిద్దామని టిక్కెట్లు కొని, మాస్కు తడిసేట్టు నేనేడ్చా. నాకో జబ్బుందండీ, ఏడిస్తే ఎక్కిళ్ళొస్తాయి. చిన్నప్పట్నుంచీ అంతే.

"హిక్!"

పక్కావిడ "ఎవరో తలుచుకుంటున్నారమ్మా" అంది.

"హిక్!"

ముందు సీట్లో అమ్మ వీపు బిగుసుకుంది. నా ఎక్కిళ్ళు అమ్మకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాయి? నీళ్ళు తాగా. ఊపిరి బిగబట్టా. "హిక్!"

ఎక్కిళ్ళు ఆగాలంటే లేనిపోని దొంగతనం అంటగడతారు చూడండి, ఉలిక్కిపడి ఆగిపోతాయని. అమ్మ గిర్రున తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"ఏమేవ్! ఆ పక్కావిడ కమ్మలు కొట్టేసింది నువ్వేనంటగా!"

ఎక్కిళ్ళు టక్కున ఆగాయి. పక్కావిడ రెండు చేతులూ చెవులకి పోనిచ్చి "అయ్యో, నా కమ్మలు!" అని కేక. చెవులకే ఉన్నాయండీ కమ్మలు! వింటేగా? టార్చిలైటాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరమ్మా దొంగ? మాస్కు తియ్!"

"దొంగేంటయ్యా, మా అమ్మాయి!" అంది అమ్మ.

"మీరేగా కొట్టేసిందన్నారు?"

"ఎక్కిళ్ళకన్నానయ్యా!"

"ఏవీ ఎక్కిళ్ళు?"

ఏవీ? వస్తేగా! సాక్ష్యానికి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి రప్పిద్దామని నానా తంటాలు పడ్డా. ఆ మూలుగులకి ఆయనకి అనుమానం ఇంకా పెరిగింది. చివరికి పక్కావిడే కమ్మలు తడిమి చూసుకుని "ఉన్నాయిలే" అంది.

ఈ గోలలో పిన్ని లేచి చప్పట్లు! "మాట్లాడావే రాజ్యం! దాంతో మాట్లాడావే!"

అమ్మ నాలిక్కరుచుకుంది. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, "పొద్దుట్నుంచీ ఏవన్నా తిన్నావా?" అంది. నెల్రోజులుగా ఆ ఒక్క మాట కోసమే కదండీ నేను చచ్చింది! మళ్ళీ ఏడుపొచ్చింది. ఎక్కిళ్ళకి భయపడి ఆపుకున్నా. సినిమాలో తల్లీకూతుళ్ళు కలిశారో లేదో మాకు ఇప్పటికీ తెలీదు.

బస్సులో అమ్మ ఒకటే మాట. "ముందు నన్ను గ్రూపులో కలుపు." కలిపా. ప్రేమ పొంగి అడ్మిన్ని కూడా చేసా.

ఇంటికి చేరేసరికి గ్రూపులో అమ్మ వాయిస్ మెసేజి. కమ్మలు, మాస్కు, టార్చిలైటు, ఏదీ వదల్లా! "అమ్మా, డిలీట్ చెయ్" అని కొట్టి పంపబోయా. వెళ్ళదే! చూస్తే నేను గ్రూపులో లేను. ఫోన్ చేసా.

"తీసేసావేంటమ్మా?"

"బాగా అలిసిపోయావు కదే. కాసేపు నోరు తెరుచుకుని పడుకో."

ఇప్పుడు అక్కడ నా గురించి ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. దారేదీ? ఒక్కటి మాత్రం గ్యారంటీ, గ్రూపంతా నన్నే తలుచుకుంటున్నారు. ఎట్టా తెలుసంటారా... హిక్!