సైలెన్సర్ లీకు ఎవరు ఆపారు

ఈ సంగతి రాసిపెట్టాల్సిన అవసరం ఏముందని మా ఆవిడే అడిగింది. అవసరం ఉంది. మేముండే చాండ్లర్‌లో, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ ఆమె బైక్ సైలెన్సర్ కథ వస్తుంది. అందులో ముద్ద ఉంటుంది, పొగ ఉంటుంది, ముద్ద పెట్టిన మనిషి ఉంటాడు. అందరూ నవ్వుతారు. లీకు ఆపిన మనిషి మాత్రం ఆ కథలో ఉండడు. ఆ మనిషిని నేనే. కథ నోటితో చెప్పినన్నాళ్ళూ ఇలాగే నడుస్తుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా గురించి కొంచెం. నేను డిగ్రీ మధ్యలో ఆపేశాను. మా నాన్న బట్టల కొట్లో కూర్చుంటూ, బేరాలు లేని మధ్యాహ్నాలు శాఖా గ్రంథాలయానికి వెళ్ళి దొరికిందల్లా చదివేవాణ్ణి. తేనెటీగల పెంపకం, రోమన్ల రోడ్లు, రేడియో రిపేరు, ఏదైనా సరే. మా ఆవిడకు ఇక్కడ చిప్‌లు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె వీసా మీద నేనూ వచ్చాను. నాకు పనిచేసే అనుమతి లేదు. లైబ్రరీ కార్డు మాత్రం ఊళ్ళో దిగిన కొద్దిరోజులకే చేతికొచ్చింది. ఇక్కడి లైబ్రరీలో బైక్ రిపేరు పుస్తకాలకే ఒక అర ఉంది. మా ఆవిడ బైక్ కొన్నప్పటి నుంచి ఆ అర నాది. నాకు బండి నడపడం రాదు. కానీ దాని ఇంజన్‌లోకి గాలి ఎటు వచ్చి ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆమె టీములో ఒకతను ఉన్నాడు. వరంగల్ వైపు మనిషి. ఆమెకు బైక్ పిచ్చి అంటించింది అతనే. లైసెన్సు పరీక్షకు తీసుకెళ్ళిందీ, ఆదివారం రైడ్లకు వెళ్ళే గుంపులో కలిపిందీ అతనే. నన్ను ‘బావా’ అంటాడు. అంటే మా ఆవిడ అతనికి చెల్లెలి వరస. ఆ వరస వింటే నా మనసు కుదుటపడాలి. పడలేదు. ఆమె నన్ను ‘మీరు’ అంటుంది, అతన్ని ‘ఏరా’ అంటుంది. ఆఫీసులో అందరూ ఒకర్నొకరు అలాగే పిలుచుకుంటారట. కావచ్చు.

కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ బరువుగా ఉందని, గొంతు కూడా బాగాలేదని ఆమె కొత్తది తెప్పించింది. ఇంజన్ మూతి దగ్గర మొదలయ్యే గొట్టం నుంచి చివరి డబ్బా దాకా మొత్తం సెట్టు.

“నేను బిగిస్తాను,” అన్నాను. ఆ మోడల్ మాన్యువల్ అప్పటికే లైబ్రరీ ద్వారా వేరే ఊరి నుంచి తెప్పించి పెట్టుకున్నాను.

“మీరు చదివి పెట్టండి, వాడొచ్చి బిగిస్తాడు. వాడి బండికి వాడే వేసుకున్నాడు కదా,” అంది.

శుక్రవారం సాయంత్రం అతను వచ్చాడు. గ్యారేజీలో బండికి చెరో పక్కన ఇద్దరూ కింద కూర్చున్నారు. నేను మాన్యువల్ తెరిచి పట్టుకుని వాషింగ్ మెషిన్‌కి ఆనుకుని నిలబడ్డాను.

“ఇంజన్ మూతి లోపల పాత రాగి రింగు ఉంటుంది. అది తీశాకే కొత్తది పెట్టాలి,” అన్నాను.

అతను టార్చి వేసి చూశాడు. “అండ్ల ఏం లేదు బావా. ఎప్పుడో ఊడిపోయినట్టుంది. కొత్తది పెడుతున్న.”

“నట్లు ముందు అన్నీ వదులుగా పెట్టి, గొట్టం సర్దుకున్నాక అటు కొంచెం ఇటు కొంచెం...”

“బుక్కుల అట్లనే రాస్తరు బావా. పేజీలు నిండాలె కద.”

మా ఆవిడ నవ్వింది. మాట బాగానే ఉంది, నవ్వొచ్చే మాటే. కానీ అంత మనసారా ఆమె నవ్వడం నేను విని చాలా రోజులైంది.

బిగించడం అయింది. స్టార్ట్ చేస్తే గొంతు బాగానే ఉంది, కానీ దాని కింద కుట్టుమిషన్ నడుస్తున్నట్టు టిక్కుటిక్కుమని ఒక చప్పుడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపటపా పేలుళ్ళు. ఎక్కడో గొట్టంలోంచి పొగ పక్కకు తోసుకొస్తోంది. అతను గొట్టం పొడవునా అరచెయ్యి దగ్గరగా ఆడించి, గొట్టమూ డబ్బా కలిసే అతుకు దగ్గర ఆగాడు.

“గీడనే. ఇంట్ల ముద్ద ఉందా?”

ఏ ముద్ద అని మా ఆవిడ అడగలేదు. మన ఇళ్ళలో అడగక్కర్లేదు. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికితే కాసేపటికి రాయిలా గట్టిపడేది. ట్యాంకు కారినా, కుళాయి కారినా, బకెట్ పగిలినా అదే మందు. ఇండియా వెళ్ళొచ్చే ప్రతివాళ్ళ సూట్‌కేసులోనూ ఆవకాయ పక్కన అవి రెండు ప్యాకెట్లు ఉంటాయి. మా సింకు కింద కూడా ఉన్నాయి.

“ఆ వేడికి అది నిలవదు. ఎగ్జాస్ట్‌కి వేరే పేస్టు ఉంటుంది,” అన్నాను.

“మా ఇంటి మీద సిమెంటు ట్యాంకునే ఆపింది బావా. గీ పొగ ఎంత?”

మా ఆవిడ ప్యాకెట్ తెచ్చింది. చెరో సగం తీసుకుని పిసికారు, మళ్ళీ రెండూ కలిపి పిసికారు. వాళ్ళ వేళ్ళకు ఒకటే రంగు అంటింది. నా చేతిలో పుస్తకం ఉంది కనుక నేను పుస్తకంలోకి చూశాను.

శనివారం పొద్దున ఆమె స్టార్ట్ చేసింది. కాసేపటికి ముద్ద గోధుమ రంగుకు తిరిగి, పొగలు కక్కి, చీలి, పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. కాలిన ప్లాస్టిక్ వాసన వంటింటి దాకా వచ్చింది. ఆమె కోప్పడుతుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వి, వీడియో తీసి అతనికి పంపింది. వెంటనే ఫోను మోగింది. స్పీకర్‌లో పెట్టింది.

“ముద్దోళ్ళు నన్ను మోసం చేసిన్రే. సరే తియ్, రేపటికి కాకుంటె నా బండెనక కూసో. ఇంకో హెల్మెట్ తెస్త.”

ఫోను పెట్టేసి నాతో అంది, “రేపటి పేసన్ రైడ్ మాత్రం నేను మిస్సవ్వను. బండి బాగవ్వకపోతే వాడి వెనకే వెళ్తా.”

పేసన్ దారి కొండదారి. మలుపుల్లో వెనక కూర్చున్నవాళ్ళు ముందున్నవాళ్ళ నడుము పట్టుకుని, వాళ్ళతో పాటే ఒరగాలి. అదీ నేను పుస్తకంలోనే చదివాను. ఆ పేజీలో బొమ్మ కూడా ఉంది.

ఆమె ఇండియన్ స్టోర్‌కి వెళ్ళగానే గ్యారేజీలోకి దిగాను. లీకు నిజంగా ఎక్కడుందో ముందు తేలాలి. సబ్బునీళ్ళు రాసి చూడమంది మాన్యువల్. రాశాను. గొట్టం వేడెక్కి నీళ్ళు ఆరిపోతున్నాయి గానీ ఏమీ తేలలేదు. అప్పుడు వేరే పుస్తకం గుర్తొచ్చింది. కట్టెల పొయ్యిలు కట్టుకోవడం మీద, చలికాలంలో ఊరికే చదివింది. పొయ్యి తలుపు సందుల్లోంచి గాలి ఎక్కడ పోతోందో సన్నటి పొగతో కనిపెట్టడం అందులో ఉంది. పొయ్యికి పనికొచ్చింది బైక్‌కి ఎందుకు పనికిరాదు? దేవుడి అరలోంచి అగరువత్తి తెచ్చి వెలిగించాను. ఫ్యాను ఆపేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పెట్రోలు ట్యాంకుకు దూరంగా వత్తిని గొట్టం వెంట నెమ్మదిగా జరిపాను. ముద్ద పెట్టిన అతుకు దగ్గర పొగ కాస్త వణికిందంతే. ఇంజన్ మూతి దగ్గరకు రాగానే మాత్రం ఎవరో ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నట్టు చెదిరిపోయింది.

చల్లారాక గొట్టం విప్పి మూతి లోపల చూశాను. ఏమీ లేనట్టే ఉంది. ఇనుప ఊచ కొన వంచి లోపలి అంచు వెంట గీస్తే మసి రాలి, కింద ఎర్రగా రాగి మెరిసింది. పాత రింగు అక్కడే ఉంది. మసి పట్టి ఇంజన్‌లో భాగంలా కలిసిపోయింది. దాని మీద కొత్త రింగు కూర్చుంది, ఆ రెండింటి మీద గొట్టం వంకరగా కూర్చుంది. పాతది ఊడదీసి చేతిలో పెట్టుకున్నప్పటి సంతోషం ఎలాంటిదో రాయడం నాకు చేతకాదు. అందులో సగం, అతను టార్చి వేసి మరీ “ఏం లేదు” అన్నాడే, ఆ మాట వల్ల.

ఒకసారి నలిగిన రింగు మళ్ళీ పనికిరాదని చదివి ఉండటం వల్ల మరోటి ముందే తెప్పించి ఉంచాను. జారిపోకుండా దానికి చిటికెడు గ్రీజు రాసి మూతిలో నిలబెట్టాను. నట్లన్నీ వదులుగా ఎక్కించి, గొట్టం తనంతట తాను సర్దుకున్నాక, ఇంజన్ వైపు నుంచి మొదలుపెట్టి అటు కొంచెం ఇటు కొంచెం బిగించుకుంటూ వచ్చాను. వెనక అతుకు మీద మిగిలిన ముద్ద గీకేసి, ఇంజన్ చల్లారేలోగా విడిభాగాల కొట్టుకు నడిచివెళ్ళి తెచ్చుకున్న వేడిని తట్టుకునే పేస్టు పలుచగా రాశాను. ఒకసారి వేడెక్కనిచ్చి, చల్లారనిచ్చి, నట్లు మళ్ళీ బిగించాను.

మా ఆవిడ కూరగాయల సంచులతో వచ్చేసరికి ఇంజన్ నడుస్తోంది. టిక్కు లేదు. కొత్త అగరువత్తి వెలిగించి ఆమె చేతికిచ్చాను. ఆమె గొట్టం పొడవునా పట్టి చూసింది. పొగ నిటారుగా లేచింది.

“ఇదెక్కడ నేర్చుకున్నారు?”

“పొయ్యిల పుస్తకంలో.”

నల్లబడ్డ రింగును తిప్పి తిప్పి చూసింది. తర్వాత చాలా ముచ్చటగా, “ఉండండి, వాడికి ఫొటో పెట్టాలి,” అని ఫోన్ తీసింది.

ఆదివారం తెల్లవారగానే అతను వచ్చాడు. చేతిలో లేత నీలం హెల్మెట్ ఉంది. మా ఆవిడ అప్పటికే తన బండి మీద కూర్చుని ఇంజన్ నడుపుతోంది. అతను ఒక నిమిషం విన్నాడు.

“సప్పుడు మస్తుంది. షాపుల ఇచ్చినవా?”

“లేదురా, ఈయనే చేశారు. నీ ముద్ద గీకడానికే సగం పొద్దు పట్టిందట.”

“మస్తు చేసినవ్ బావా. ఇగ నా సర్వీస్ సెంటర్ బంద్,” అన్నాడు. ఇద్దరూ మళ్ళీ ముద్ద గురించి నవ్వుకున్నారు.

హెల్మెట్‌ను తన వెనక సీటుకు తాడుతో కట్టుకున్నాడు. రెండు బళ్ళూ వీధి మలుపు తిరిగేదాకా నేను ఆ సీటునే చూశాను. దాని మీద హెల్మెట్ తప్ప ఎవరూ లేరు. నాకు కావలసింది అదే. అయితే అది ఆడవాళ్ళ సైజు హెల్మెట్, కొత్తది. రాత్రికి రాత్రి కొన్నాడో, ముందే కొని ఉంచాడో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఈ పనిలో సాయపడ్డవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పడం పద్ధతి. వాళ్ళ పేర్లు బయటపెట్టడం నాకిష్టం లేదు, మనుషుల్ని మాత్రం వదలను. ఎక్కడి నుంచో మాన్యువల్ తెప్పించి, గడువు దాటినా విసుక్కోకుండా పొడిగించిన లైబ్రరియన్‌గారికి థాంక్స్. పేస్టు డబ్బా చేతిలో పెట్టి “పలుచగా రాయి” అని మాత్రం చెప్పిన విడిభాగాల కొట్టు పెద్దాయనకు థాంక్స్. తన బండిని నా చేతుల్లో వదిలి కూరగాయలకు వెళ్ళిన మా ఆవిడకు థాంక్స్. పాత రింగును చూడలేకపోయిన అతనికి కూడా థాంక్స్. అతను చూసి ఉంటే, నాకు చేయడానికి పనేమీ మిగిలేది కాదు.