హన్మమ్మ సంచులు, నల్లదారపు ముడులు

తాండూరు హన్మమ్మ అల్లునికి మందు పెట్టిందని ఆ రోజుల్లో రెండూళ్లూ చెవులు కొరుక్కున్నాయి. మందంటే దవాఖాన మందు కాదు. మనిషిని చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి తిండిలో కలుపుతారని చెప్పుకునే మందు. వికారాబాదులో రైలు పట్టాల అవతలి వాడకట్టులో పుట్టిన ఆ మాట ప్యాసింజరు బండెక్కి తాండూరు చేరింది. చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి. హన్మమ్మ కుల్కచర్ల అడవి నుంచి ఏదో వేరు తెప్పించిందన్నారు. నల్లదారం మంత్రించి సంచి మూతికి కట్టిందన్నారు. కూతురు నాగవ్వ ఇంట్లో లేకున్నా గిన్నెలో బువ్వ దానంతట అదే ఉడుకుతుందన్నారు.

ఇందులో సంచి నిజం, దారం నిజం, బువ్వ ఉడకడమూ నిజం. మిగతాదంతా ఊరక ఉండలేని నోళ్లు అల్లింది. సంగతి బయట పెట్టనని హన్మమ్మ ఒట్టు వేసింది కాబట్టి అప్పట్లో ఎవరికీ తెలియలేదు. ఒట్టు వేయించుకున్న మనిషే ఈమధ్య దాన్ని తీసి గట్టున పెట్టాడు గనుక ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పుకోవచ్చు.

హన్మమ్మది గొర్రెలు కాసే ఇల్లు. పెనిమిటి కిష్టప్ప ఎండలు ముదరగానే మంద తోలుకుని కృష్ణ ఒడ్డు దిక్కు పోయేవాడు, తొలకరికి గానీ తిరిగి గడప తొక్కేవాడు కాదు. వాళ్లకు నాగవ్వ ఒక్కతే బిడ్డ. పోలీసు యాక్షను నాటికి చంకలో ఉన్న ఆ పిల్ల పెరిగి ఏడో తరగతి పాసైంది. వికారాబాదులో మొగులప్పకు ఇచ్చి చేశారు. అతడు రైలు పట్టాలు సరిచేసే గ్యాంగులో పని చేసేవాడు. అరవై ఏడులో నాగవ్వకు అక్కడి దవాఖానలో ఆయా పని దొరికింది. కాన్పుల గదిలో డ్యూటీ. అప్పుడే పుట్టిన పిల్లను గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని బట్టలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టాలి. ఆ పని చెప్పేటప్పుడు నాగవ్వ ముఖం చూడాలి.

జీతం తీసుకునేటప్పుడు ఆమె వేలిముద్ర వేయదు, సంతకం పెడుతుంది. ఆ సంతకం ఎట్లా ఉంటుందో చూపమని హన్మమ్మ బిడ్డ చేత బొగ్గుతో గోడ మీద రాయించుకుంది. పండుగకు సున్నం వేసినా ఆ జానెడు గోడను మాత్రం వదిలేసేది.

చిక్కంతా డ్యూటీ వేళతో వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి పోయిన నాగవ్వ ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరదు. పొద్దున వండి పెట్టింది సాయంత్రానికి పాచిపోయేది. స్టేషను ఎదుట రామచందర్ దుకాణానికి పట్నం నుంచి కొత్తరకం అట్టడబ్బాలు వచ్చాయి. లోపల కిచిడీ సరుకు కలిపి ఉంటుంది, నీళ్లలో పోసి ఉడికిస్తే సరి. నాగవ్వ అవి తెచ్చి, ఇంటికి రాగానే ఒకటి చింపి పొయ్యి మీద పెట్టేది. మొగులప్ప మారు మాట్లాడకుండా తినేవాడు గానీ, సబ్బు వాసన వస్తుందని రెండో ముద్దకే ముక్కు ముడిచేవాడు.

మొగులప్ప తల్లి బీరమ్మ రెండు గల్లీల అవతల పెద్దకొడుకు ఇంట్లో ఉండేది. ఒకనాడు వచ్చి పొయ్యి పక్కన నాలుగు ఖాళీ డబ్బాలు చూసింది.

"గివేంది నాగవ్వా? గుర్రం దాణానా?"

"కిచిడీ అత్తమ్మా. జల్ది అయితదని తెచ్చిన."

"వారెవ్వా! పెండ్లాం ఊరోళ్ల పిల్లలకు తానాలు పోస్తది, మొగడు ఇంట్ల అట్టలు నాకుతడు! ఇంకొక్క డబ్బ గీ ఇంట్ల కనవడ్డదా, నీ డ్యూటీ బంద్. గట్టిగ చెప్తున్న."

బీరమ్మ చెడ్డ మనిషి కాదు. మొగులప్పకు మూడేళ్లప్పుడు తండ్రి పోయాడు. రాళ్లు మోసి, తాను పస్తుండి, ఆ పిల్లాడి కంచం ఖాళీగా ఉండకుండా చూసుకున్న తల్లి. కొడుకు తిండి మాటెత్తితే ఆమెకు న్యాయం అన్యాయం కనబడవు.

ఆదివారం నాగవ్వ ఒక నిండు డబ్బా సంచిలో పెట్టుకుని తాండూరు వచ్చింది. కండ్లు వాచి ఉన్నాయి. హన్మమ్మ బిడ్డను ఓదార్చలేదు. ముందు డబ్బా అందుకుని చాటలో బోర్లించింది. ఒక్కొక్క గింజా వేలితో వేరు చేసింది. నూకలు ఒక దిక్కు, పెసరపప్పు ఒక దిక్కు, ఎండిన ఉల్లిపొరలు, పసుపు, జీలకర్ర. తక్కినదంతా ఉప్పు.

"గింతేనా? గీనికోసం పట్నం దాక పోవుడెందుకే? మీ అయ్యకు నేను ఏటేటా కట్టిచ్చేది గిదే గద!"

నిజమే. మంద వెంట పోయే మగవాళ్లకు మూడు నెలల తిండి సంచుల్లో కట్టి పంపడం ఆ ఇంట్లో ఎన్నేళ్లుగానో ఉన్నదే. నీళ్లు కాగబెట్టి అందులో పోసుకుంటే చాలు, ఏ చెట్టు కిందనైనా బువ్వ తయారు. ఇన్నేళ్లూ అది గొర్ల కాపరుల తిండి అనుకున్నారే తప్ప డ్యూటీకి పోయే ఆడపిల్లకు పనికొస్తుందని ఎవరికీ తట్టలేదు.

మరునాడే హన్మమ్మ పెంక పొయ్యి మీద పెట్టింది. తాండూరు కందిపప్పుకు తక్కువేమిటి, దాన్ని దోరగా వేయించింది. నూకలు వేరుగా, జొన్నరవ్వ వేరుగా వేయించింది. ఎండుమిరపకాయ, జీలకర్ర, ఎండిన కరివేపాకు దంచింది. మూడు రకాలు కట్టింది. పప్పూ నూకలూ కలిపింది ఒకటి, జొన్నరవ్వ ఉప్మాకు ఒకటి, ధనియాలూ చింతపండూ కలిపి దంచిన పులుసుపొడి ఒకటి. తొందరలో వేడి మీదనే మూతి బిగించేసరికి మొదటి విడత సంచులు లోపల చెమ్మ పట్టి గడ్డలు కట్టాయి. హన్మమ్మ తనను తానే తిట్టుకుని అదంతా మేకలకు పోసింది. అప్పటి నుంచి వేయించిన సరుకును నేల మీది నల్లబండల మీద పలుచగా పరిచి, చేయి పెడితే చల్లగా తగిలేదాకా ఆగి కట్టేది. పదిహేను రోజులకోసారి తానే ప్యాసింజరులో తీసుకుపోయేది.

డబ్బాలు మాయమయ్యాయి. బీరమ్మ ఒక పూట కొడుకు కంచంలో చేయిపెట్టి రుచి చూసి, "గిది బువ్వంటే," అంది. అంతటితో కథ ముగియాల్సింది. కానీ మొగులప్పకు ఆకలి అయిదింటికే వేసేది.

ఒక సాయంత్రం ఆగలేక తానే సంచి విప్పాడు. గిన్నె నిండా నీళ్లు పోశాడు. గంజి అయింది. ఎవరూ చూడకముందే తాగేశాడు. మరునాడు నీళ్లు తగ్గించాడు. అడుగంటి, ఇల్లంతా పొగ కమ్మింది. నాగవ్వ వచ్చేలోగా గిన్నెను బూడిదతో మూడుసార్లు తోమాడు. ఆ తర్వాతి సోమవారం హన్మమ్మ వికారాబాదులో బండి దిగేసరికి అల్లుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. సంచులు అందుకుని అటూ ఇటూ చూశాడు.

"అత్తా, ఒక మాట అడుగుత. నవ్వొద్దు."

"అడుగు అల్లుడా."

"నీళ్లు ఎన్ని పోయాలె?"

హన్మమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

"నాగవ్వ పొద్దంత నిలవడి నిలవడి కాళ్లు వాచిపోయి వస్తున్నది," అన్నాడు మొగులప్ప నేల చూపులు చూస్తూ. "వచ్చినంక మళ్ల పొయ్యి ముందర కూసుండుడెందుకని. గిప్పుడు మూడు తీర్ల సంచులాయె. దేనికెన్ని నీళ్లో యాదికుంటలేదు. రాసిస్తవా అంటే నీకు రాదు, రాసినా నాకు సదువుడు రాదు."

"నీ పెండ్లాన్నే అడగరాదు?"

"అడిగిన. చెప్పింది. మర్శిన. మళ్ల అడగాలంటే సిగ్గాయె." గొంతు ఇంకా తగ్గించాడు. "అత్తా, మా అవ్వకు చెప్పకు. గ్యాంగుల తెలిస్తే నన్ను గరిటె మొగులప్ప అంటరు. సచ్చేదాక గదే పేరు. నా మీద ఒట్టు, నా పేరు ఎత్తొద్దు."

హన్మమ్మ ఒట్టు వేసింది. ఇంటికి తిరిగొచ్చే దారంతా ఆలోచించింది. కిష్టప్పకు చదువు లేదు. మందలో ఎన్ని పిల్లలు పుట్టాయో నల్ల ఊలు దారానికి ముడులు వేసి లెక్క పెట్టుకునేవాడు. ఆ దారపు ఉండ చూరులో ఉంది. తర్వాత కట్టిన సంచులన్నిటికీ మూతి దగ్గర ఒక్కో నల్లదారం వేలాడింది. పప్పునూకల సంచికి నాలుగు ముడులు, జొన్నరవ్వకు అయిదు, పులుసుపొడికి రెండు. ఒక ముడికి ఒక గిలాస నీళ్లు.

కిష్టప్ప చూసి నవ్వాడు. "నా గొర్ల లెక్క పప్పుకు కట్టినవా? రేపు గీ సంచులు మ్యా మ్యా అంటయి సూడు."

ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి. నాగవ్వ ఇంటికి రాగానే కాళ్లు చాపుకుని కూర్చుని వేడివేడిగా తినేది. మొగులప్ప పొయ్యి దగ్గరకు పోయేముందు తలుపు దగ్గరగా వేసుకునేవాడు. దొరికిపోయింది ఆ వేడి దగ్గరే. ఒకనాడు బీరమ్మ ఏడింటికి వచ్చి మూత తీస్తే గుప్పున ఆవిరి ముఖానికి కొట్టింది.

"నాగవ్వ ఏది?"

"డ్యూటీల ఉన్నది."

"మరి బువ్వ?"

"వండి పోయిందవ్వా," అన్నాడు మొగులప్ప, ఇంటి కప్పు వైపు చూస్తూ.

పక్కింటి మనోరమ, రైల్వే గుమాస్తా భార్య, గోడ మీదుగా తల పెట్టింది. "రెండింటికే పోయింది కదండీ. నేను చూశాను. అయిదు గంటలైనా అన్నం ఇంకా వేడిగా ఎట్లా ఉంటుంది?"

ఇంకేముంది. బీరమ్మ ఇల్లంతా వెతికింది. తలుపు వెనక మేకుకు నల్లదారాలు గుత్తిగా వేలాడుతూ కనిపించాయి. అత్తకు తిరిగి ఇవ్వాలని మొగులప్ప దాచిపెట్టినవి. ప్రతిదానికీ ముడులు. బీరమ్మ ఇంట్లో గొర్రెలు పోయి రెండు తరాలైంది. నల్లదారానికి ముడులంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. వెంటనే కొడుకు ఈమధ్య పెండ్లాన్ని పల్లెత్తు మాట అనడం లేదన్నది గుర్తొచ్చింది. సాయంత్రమైతే మిత్రులతో కల్లు దుకాణానికి పోకుండా ఇల్లు పట్టుకుని ఉంటున్నదీ గుర్తొచ్చింది.

"మందు వెట్టిన్రు!" అని గుండెలు బాదుకుంది. వాడకట్టు ఆడవాళ్లంతా గడపలోకి వచ్చారు. మొగులప్ప నోరు తెరిచాడు. ఎదురుగా అంత మందిని చూసి మళ్లీ మూసుకున్నాడు. నాగవ్వ వచ్చేసరికి బీరమ్మ తీర్పు తయారుగా ఉంది. "మీ అవ్వను అడిగి వచ్చేదాక నువ్వు డ్యూటీకి పోవద్దు. మందు వెట్టిందని తేలిందా, ఎన్నటికీ పోవు."

మరునాడు పొద్దున బీరమ్మ దారాలు కొంగున కట్టుకుని తాండూరులో బండి దిగింది. తోడుగా మనోరమ. మాట ముందురోజు రాత్రి బండికే వచ్చేసింది కాబట్టి హన్మమ్మ వాకిట్లో అప్పటికే పదిమంది చేరారు. హన్మమ్మ పప్పు వేయిస్తోంది.

"రా వదినె, కూసో. చాయ్ తాగుతవా?"

"నీ ఇంట్ల నీళ్లు గూడ ముట్ట. గివేంది చెప్పు!" బీరమ్మ దారాలు బండల మీద విసిరింది.

కిష్టప్ప వంగి చూశాడు. "గివా? గివి నీళ్ల లెక్క చెల్లె. ముడికొక్క గిలాస. నేను గొర్లకు ఏసుకునే ముడులే."

"నీళ్ల లెక్కనా?" బీరమ్మ నవ్వింది, ఆ నవ్వులో చేదు. "నా కోడలు రెండేండ్లు నా కండ్ల ముందర వండింది, అన్నా. కండ్లు మూసుకొని ఎసరు వెడుతది. దానికి నీళ్ల లెక్క ముడులేసి చెప్పాల్నా? ఎవలను పిచ్చోళ్లను చేస్తున్నరు?"

వాకిలి గుసగుసలాడింది. ఎవరో "అయ్యో, పాపం పిల్లగాడు" అన్నారు. హన్మమ్మ చేతిలో గరిటె ఆగింది. నిజం చెబితే రేపు సాయంత్రానికి గ్యాంగులో ప్రతి నోటా గరిటె మొగులప్ప. చెప్పకపోతే నాగవ్వ కాన్పుల గది ముఖం మళ్లీ చూడదు. పప్పు మాడిన వాసన వచ్చింది. ఆమె పెంక దించి లేచి, బీరమ్మ చేయి పట్టుకుంది.

"లోపటికి రా వదినె. నువ్వొక్కదానివే."

మనోరమ అడుగు ముందుకు వేసింది. కిష్టప్ప కర్ర అడ్డం పెట్టి, "నువ్వు కూసో బిడ్డా, చాయ్ వస్తది," అన్నాడు.

లోపల మసక చీకట్లో, బిడ్డ సంతకం ఉన్న గోడ పక్కన, ఇద్దరు తల్లులూ ఎదురెదురుగా నిలబడ్డారు. బీరమ్మ గొంతులో కోపం పోయి భయం వచ్చింది. కండ్లలో నీళ్లు తిరిగాయి.

"వదినె, నా చిన్నోడు నాకు పానం. దేవుని మీద ఆన వెట్టి చెప్పు. మందు వెట్టినవా? వెట్టకుంటె, నా కోడలికి అక్కర లేని ముడులు ఎవలికోసం కట్టినవ్?"

హన్మమ్మ ఆమె కండ్లు తన కొంగుతో తుడిచి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"మందూ లేదు, మాకూ లేదు. పేరు ఎత్తనని ఒట్టేసిన వదినె, ఎత్త. రేపు నాగవ్వను డ్యూటీకి తోలు. పొద్దుమూకినంక సప్పుడు చెయ్యకుంట పొయ్యి కాడ ఒక మూలకు కూసో. ముడులు లెక్కవెట్టుకుంట గిలాసతోని నీళ్లు ముంచేటోడు వస్తడు. నవ్వకు. ఉప్పు సూసి, మంచిగున్నది బిడ్డా అను."