వేళ కాని భోంపు

పోలండులోని క్రాకోవ్ నగరంలో పాతకాలపు పెద్ద చౌక్ అది. టూరు బస్సు వచ్చేదాకా బెంచీల మీద చలిలో కూర్చోమన్నాడు మా గైడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడదీ మా జంషెడ్‌పూరేనట, సిద్ధగోరాలో ఉంటుందట. మాది సోనారిలో బట్టల దుకాణం. అంతవరకూ ఒకరికొకరం తెలీదు.

చర్చి బురుజు మీంచి బాకా మోగింది. పాట మధ్యలో, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఆవిడ గబుక్కున లేచి, కొంగు బిగించి, నా చెయ్యి పట్టుకుంది.

"ఎవులికో ఏటో అయింది తల్లీ. గేటుకాడికి ఎల్దాం, రా."

ఇక్కడ ప్రతి గంటకీ ఇంతేనని గైడు నవ్వాడు. పూర్వం శత్రువులొస్తున్నారని బాకా ఊదిన కాపలావాడి గొంతులో బాణం దిగిందట. అందుకే ఇప్పటికీ పాట అక్కడే ఆపేస్తారట. ఆవిడకి తెలుగులో చెప్పాను.

ఆవిడ మెల్లగా కూర్చుంది. "కార్ఖానా భోంపు వేళ గాని వేళ మోగితే లోపల ఎవులికో ఏటో అయినట్టే. ఆడోళ్లం పొయ్యిలార్పీసి గేటుకాడికి పరిగెట్టీవోళ్లం. ఓపాలి అది నాకోసమే మోగింది."

మళ్లీ బురుజు వైపు చూసి అడిగింది. "ఆ కాపలావోడి పెళ్లాం గురించి ఏటీ సెప్పలేదా?"

గైడుని అడిగాను. అతనికి తెలీదు.

పుట్టినప్పట్నుంచీ మా ఊరి ఉక్కు కార్ఖానా సైరన్, ఆ భోంపు, వింటూనే ఉన్నాను. మా ఇంట్లో అది గడియారం సరిచేసుకోడానికే. ఊరికి తిరిగొచ్చాక, ఇప్పుడు అది మోగితే గడియారం వైపు చూస్తాను. వేళకే మోగిందని తేలాక, పొయ్యి మళ్లీ వెలిగిస్తాను.